ఉభయకుశలోపరి

ఒకప్పుడు తెలుగువారు ఉత్తరం రాయడానికి కూర్చుంటే కాగితం పైభాగాన 'ఉభయకుశలోపరి' అన్న మాట తప్పక కనిపించేది. ఇరువైపులవారి కుశలం ముందుగా స్థిరపడిన తరువాత, ఆపైన చెప్పవలసిన సంగతి చెబుతున్నామని దాని భావం. 'ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట మీరందరు క్షేమమని తలంచుచున్నాము' అన్న వాక్యం దాని వెన్నంటి వచ్చేది. నేటి పాఠకునికి ఇది అలంకారప్రాయమైన మర్యాదగా తోచవచ్చు. ఉత్తరం కోసం ఎదురుచూసిన వారికి మాత్రం అసలు వార్త అదే. కరవు ఏడు తాడిపత్రి ప్రాంతపు పల్లె నుంచి బెంగళూరికి కూలిపనికి పోయిన కొడుకు, పక్షానికొక కార్డు ముక్క రాస్తాడనుకుందాం. అందులో విశేషమేమీ ఉండకపోవచ్చు. విశేషం లేని ఆ కార్డు వచ్చినంతకాలం తల్లికి నిశ్చింత. ఒక పక్షం కార్డు రాకపోతే, 'చెప్పవలసిన సంగతేమీ లేదు కాబోలు' అని ఆమె ఊరకుండదు. తపాలా కార్యాలయానికి పోయి విచారిస్తుంది. కొడుకు జబ్బుపడి ఉండవచ్చు. కార్డు రాసి తపాలా పెట్టెలో వేయడం మరచి ఉండవచ్చు. వేసిన కార్డు దారిలో తప్పిపోయి ఉండవచ్చు. కారణాలు మూడు, బయటికి కనిపించే లక్షణం మాత్రం ఒక్కటే: మౌనం.

చదువుకోని ఆ తల్లికి తెలిసిన ఈ విషయాన్ని నేటి కంప్యూటర్ కేంద్రాలు ఎంతో వ్యయప్రయాసలకోర్చి నేర్చుకొంటున్నాయి. వేలాది యంత్రాల నుంచి నిరంతరం వార్తలను మోసుకొనివచ్చే ప్రోగ్రాములున్నాయి. అవి సజీవంగా ఉన్నాయా, తమ పని తాము చేస్తున్నాయా అని కనిపెట్టి ఉండడం ఇప్పుడొక ప్రత్యేక విద్య. ఆ విద్యలోని మర్మం తెలియడానికి ముందుగా తాడిపత్రి వానను తలచుకోవడం మంచిది.

పెన్నానది ఒడ్డున ఉన్న తాడిపత్రి అనంతపురం జిల్లాలోనిది. పడమటి కనుమల చాటున పడిన ఈ జిల్లాకు ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కురిసే ఆ కొద్దిపాటి వాన కూడా సమంగా కురవదు. ఒక ఊరి పొలిమేరలో కురిసిన వాన పక్క ఊరి పొలిమేర దాటకపోవడం ఇక్కడివారికి వింత కాదు. కాబట్టి ఎక్కడ ఎంత కురిసిందన్న లెక్కకు ఈ సీమలో ఉన్న విలువ కోనసీమలో ఉండదు. మండలాన్ని కరవు మండలంగా ప్రకటించేటప్పుడు పరిశీలించే అంశాలలో వర్షపాతం ప్రధానమైనది. శెనక్కాయ రైతుకు అందే బీమా కూడా కొన్ని పథకాలలో ఆ లెక్క మీదనే ఆధారపడి ఉంటుంది. మన దేశంలో తొలి వర్షపాత బీమాను 2003లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలసి మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు అందించాయి. 2007లో ప్రభుత్వం వాతావరణాధారిత పంటల బీమాను ప్రయోగాత్మకంగా చేపట్టింది. ఈ రకపు బీమాలో ఎవరూ పొలానికి వచ్చి ఎండిన చేను చూడరు. వర్షమాపకం చూపిన అంకెనే చూస్తారు.

వర్షమాపకం నిర్మాణం సులభమైనదే: పైన గరాటు, కింద నీరు చేరే పాత్ర, కొలవడానికి గాజు కొలపాత్ర. మన దేశంలో ప్రతిరోజూ ఉదయం 8:30 గంటలకు పాత్రను చూసి, గడచిన 24 గంటల వానను పుస్తకంలో రాస్తారు. వాన పడని రోజున కూడా ఆ గడిలో 0.0 అని రాయాలి. గడిని ఖాళీగా వదలరాదు. ఈ నియమం వెనుక లోతైన ఆలోచన ఉన్నది. సున్న ఒక సాక్ష్యం. ఒక మనిషి వచ్చి, పాత్ర విప్పి, నీరు లేదని కళ్లారా చూశాడని అది చెబుతుంది. ఖాళీ గడి ఏమీ చెప్పదు. వాన పడలేదో, పడినా కొలిచేవాడు రాలేదో తెలియదు. ఖాళీ గడిని సున్నగా చదివితే పడిన వాన పడనట్లవుతుంది. పక్క కేంద్రపు లెక్కతో పూడిస్తే, పొలిమేర దాటని వాన దాటినట్లవుతుంది. రెండు విధాలా ఎవరో ఒకరికి అన్యాయమే.

తరువాతి కాలంలో స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు వచ్చాయి. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం మండలాలలో వాటిని నెలకొల్పింది. వీటిలో మనిషి పని లేదు. గరాటు కింద ఏతాంబల్లలా అటూ ఇటూ ఒరిగే చిన్న దొప్పల జంట ఉంటుంది. ఒక దొప్ప నిండగానే ఒరిగి నీటిని ఒలకబోస్తుంది; రెండవది దాని స్థానంలోకి వస్తుంది. ఎన్నిసార్లు ఒరిగిందో యంత్రం లెక్కించి, సౌరఫలకం నింపిన బ్యాటరీ శక్తితో ఆ అంకెను దూరంలోని కేంద్ర కార్యాలయానికి పంపుతుంది. ఇక్కడ మరొక చిక్కు పుట్టుకొచ్చింది. గరాటులో ఎండుటాకులు పడినా, కందిరీగ గూడు కట్టినా నీరు దొప్పలోకి దిగదు. యంత్రానికి ఏ లోపమూ లేదు, బ్యాటరీ బాగున్నది, వార్త వేళ తప్పకుండా వస్తున్నది. వచ్చే వార్త మాత్రం సున్న. ఊరంతా తడిసి ముద్దవుతున్న వేళ ఆ యంత్రం ఎంతో నమ్మకంగా వాన లేదని చెబుతుంది. మౌనంకన్న ఇది ప్రమాదకరం, ఎందుకంటే మౌనాన్ని అనుమానించవచ్చు గాని వేళకు వచ్చే అబద్ధాన్ని ఎవరూ అనుమానించరు.

ఇక కంప్యూటర్ల సంగతి. కంప్యూటర్ తాను చేసిన ప్రతి పనినీ వేళతో సహా రాసి పెట్టుకొంటుంది. ఎవరు లోనికి వచ్చారు, ఎవరి రహస్యపదం తప్పిపోయింది, ఏ ప్రోగ్రాము మొదలైంది, ఏది ఆగిపోయింది — అన్నీ వరుసగా నమోదవుతాయి. దీనిని 'లాగ్' అంటారు. లాగ్ అంటే కొయ్యదుంగ. పూర్వపు నావికులు తాడుకు కట్టిన కొయ్యముక్కను సముద్రంలోకి విడిచి ఓడ వేగాన్ని కొలిచేవారు. ఆ వేగాన్ని రాసుకొన్న పుస్తకానికి కొయ్య పేరే వచ్చింది. మన కరణాలకు, షావుకార్లకు చిరపరిచితమైన 'చిట్టా' అన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది. ఏనాటి సంగతులను ఆనాడే, జరిగిన వరుసలో రాసుకొనేది చిట్టా.

చిట్టా రాసిన చోటనే ఉంటే చాలదు. ఇంట్లో దొంగపడితే ఇనుప్పెట్టెతోపాటు చిట్టా పుస్తకాన్ని కూడా ఎత్తుకొనిపోగలడు. కంప్యూటర్‌లోకి చొరబడిన దుండగుడు మొదట చేసే పనులలో తన అడుగుజాడలను చెరిపివేయడం ఒకటి. అందుచేత ప్రతి యంత్రంలోను ఒక చిన్న ప్రోగ్రామును ఉంచుతారు. చిట్టాలో కొత్త పంక్తి చేరగానే అది దాని ప్రతిని సురక్షితమైన వేరొక కేంద్రానికి చేరవేస్తుంది. నిపుణులు దీనిని 'లాగ్ ఫార్వర్డింగ్ ఏజెంట్' అంటారు. వార్తాహరుడనడం తెలుగులో సముచితం. రాజులను చారచక్షువులని మన పూర్వులు వర్ణించారు. గూఢచారులే వారికి కన్నులని అర్థం. కేంద్రంలో కూర్చున్న రక్షణాధికారికి ఈ వార్తాహరులే కన్నులు. మన దేశంలో సెర్ట్-ఇన్ అనే జాతీయ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ చిట్టాలను 180 రోజులపాటు దేశంలోనే భద్రపరచాలి. దాడి జరిగిందని తెలిసిన 6 గంటలలోగా తెలియజేయాలి. తన వార్తాహరుడు ఎన్నడో కన్నుమూశాడని ఎరుగని సంస్థ ఏ చిట్టాను చూసి ఏ దాడిని తెలియజేస్తుంది?

వార్తాహరుల కథ 1980వ దశకంలో మొదలవుతుంది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ అనే నిపుణుడు తన మెయిల్ ప్రోగ్రాము కోసం 'సిస్‌లాగ్' అనే పద్ధతిని రూపొందించాడు. అది సులభంగా ఉన్నందువల్ల లోకమంతటా వ్యాపించింది. ఈ పద్ధతిలో వార్తలు చాలాకాలం 'యూడీపీ' అనే మార్గంలోనే ప్రయాణించేవి. నేటికీ అనేక చోట్ల అదే మార్గం. ఆ మార్గం మామూలు పోస్టుకార్డు వంటిది. పెట్టెలో వేసినవానికి అది చేరిందో లేదో తెలియదు. చేరవలసినవానికి అది బయలుదేరిందో లేదో తెలియదు. తరువాత వచ్చిన పద్ధతులు రశీదు తిరిగివచ్చే రిజిస్టరు ఉత్తరం వంటివి. రశీదు రాకపోతే వార్తాహరుడు ఆ వార్తను తన సంచిలోనే ఉంచుకొని మళ్లీ పంపుతాడు. సంచికి కూడా ఒక పరిమాణం ఉంటుందన్నది ఇక్కడ మరువరాని విషయం.

ఆ సంచి నిండితే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థకు అనుభవంలోకి వచ్చింది. చిట్టాలను సేకరించే తన సేవలోని ఒక పరిమితిని సరిదిద్దడానికి ఆ సంస్థ చేసిన మార్పు మరొక లోపానికి దారితీసింది. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లు, నువ్వు వెనక్కి తీయమంటే నువ్వు తీయమని నిలిచిపోయినట్లు, కొన్ని యంత్రాలలో వార్తాహర ప్రోగ్రాములోని భాగాలు ఒకదానికొరకు ఒకటి వేచి బిగుసుకొనిపోయాయి. సెప్టెంబరు 2న ఈ అవస్థ మొదలైంది. ప్రోగ్రాము చావలేదు. అది చిట్టాలను సేకరిస్తూనే ఉన్నది, తన స్థానిక నిల్వలో దాచుకొంటూనే ఉన్నది. పంపడం మాత్రమే ఆగింది. నిల్వ నిండిన తరువాత కొత్త పంక్తులు పాతవాటిని చెరిపి వాటి చోట కూర్చున్నాయి. ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెడితే ప్రసారం తిరిగి సాగేది గాని చెరిగిపోయిన పంక్తులు తిరిగిరావు. కొందరు వినియోగదారుల భద్రతా చిట్టాలలో శాశ్వతంగా ఖాళీలు మిగిలాయి. ఆ రోజులలో వారి యంత్రాలలోకి ఎవరైనా చొరబడ్డారా అని తరువాత ఎవరైనా అడిగితే, ఆ ఖాళీ గడులలో సమాధానం లేదు. లోకంలోని మహాసంస్థలలో ఒకదానికి, ఆ విద్యలోనే ఆరితేరినదానికి ఇది జరిగింది.

'ప్రోగ్రాము నడుస్తున్నదా?' అన్న ప్రశ్న ఎంత అసంపూర్ణమో ఈ ఘటన తెలుపుతుంది. చాలా కార్యాలయాలలో పర్యవేక్షణ ఆ ఒక్క ప్రశ్నతోనే ముగుస్తుంది. యంత్రంలో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో వార్తాహరుని పేరుంటే తెరపై పచ్చరంగు గుర్తు వెలుగుతుంది, అందరూ తృప్తిపడతారు. ఊపిరి ఆడుతున్నంత మాత్రాన మనిషి పని చేస్తున్నట్లు కాదు. ఆకులు అడ్డుపడిన గరాటు వంటి స్థితి కూడా ఇక్కడ ఉన్నది. చిట్టా ఫైలు నిండినప్పుడు యంత్రం దానిని పక్కన పెట్టి కొత్త ఫైలు తెరుస్తుంది. సరిగా అమర్చని వార్తాహరుడు పాత ఫైలునే చూస్తూ కూర్చుంటాడు. అందులో కొత్త పంక్తి ఎన్నటికీ చేరదు. అతని దృష్టిలో ఊరంతా ప్రశాంతం.

అయితే కనిపెట్టి ఉండడం ఎట్లా? మొదటి ఉపాయం ఉభయకుశలోపరి. చెప్పవలసిన వార్త ఉన్నా లేకపోయినా ప్రతి వార్తాహరుడూ నిర్ణీత వ్యవధిలో 'క్షేమం' అన్న ఒక్క మాట పంపాలి. నిపుణులు దీనికి పెట్టిన పేరు 'హార్ట్‌బీట్', అనగా గుండెచప్పుడు. చప్పుడు వినిపించినప్పుడు ఎవరూ కదలనవసరం లేదు, ఆగినప్పుడే కదలాలి. బోరుబావి దగ్గర రాత్రి కావలి పడుకొన్న రైతుకు ఇది బాగా తెలుసు. మోటారు చప్పుడుకు అతనికి నిద్రాభంగం కాదు. కరెంటు పోయి చప్పుడు ఆగగానే మెలకువ వస్తుంది.

రైలు నడిపే విధానంలోను ఈ సూత్రం ఉన్నది. తాడిపత్రి గుంతకల్లు–రేణిగుంట మార్గంలోని స్టేషను. ఈ దారిన పోయే విద్యుత్ ఇంజనులోని డ్రైవరు నిమిషం పాటు ఏ మీటనూ కదపకపోతే ముందు దీపం వెలుగుతుంది, తరువాత హెచ్చరిక శబ్దం వస్తుంది. అప్పటికీ అతడు మీట నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. అతడు మేలుకొని ఉన్నాడని యంత్రం ఊహించుకోదు, అతనిచేతనే చెప్పించుకొంటుంది. రైలు చివరి పెట్టె వెనుక కట్టే 'ఎల్.వి.' పలక ఇంకా సూక్ష్మమైనది. రైలు స్టేషను దాటేటప్పుడు సిబ్బంది ఆ పలకను చూస్తారు. ఇంజను పోయినంత మాత్రాన రైలు పోయినట్లు కాదు. నడుమ పెట్టెలు తెగి వెనుక నిలిచిపోయి ఉండవచ్చు. కడపటి పెట్టె కనిపిస్తేనే రైలు మొత్తం వచ్చినట్లు.

కంప్యూటర్లలో ఎల్.వి. పలక వంటి పరీక్ష ఒకటి ఉన్నది. నిర్ణీత వేళకు చిట్టాలో ఒక గుర్తు పంక్తిని కావాలని రాస్తారు. అది వార్తాహరుని చేతినుంచి బయలుదేరి, దారిలోని మజిలీలన్నీ దాటి, కేంద్రపు భాండాగారంలో వెతికితే దొరికేవరకు ఎంతసేపు పట్టిందో చూస్తారు. దొరకకపోతే దారిలో ఎక్కడో తెగింది. వర్షమాపకంలో కొలిచిన నీటిని స్వహస్తాలతో పోసి, దొప్ప సరిగా ఒరిగిందో లేదో చూడడం వంటిది ఇది. శ్రమతో కూడినదే అయినా, ఆకులు అడ్డుపడిన సంగతిని బయటపెట్టడంలో దీనికి సాటివచ్చేది లేదు.

గుండెచప్పుడును నమ్ముకొన్నవారు సాధారణంగా ఒక చోట పొరబడతారు. తరగతిలో అధ్యాపకుడు హాజరు తీసుకొనేటప్పుడు పట్టీలోని పేర్లు వరుసగా చదువుతాడు. 'వచ్చినవారు చేతులెత్తండి' అని మాత్రమే అడిగితే చేతులెత్తినవారంతా వచ్చినవారే అవుతారు, రానివారి ఊసే ఉండదు. 2012లో మొదలై బహుళ ప్రచారం పొందిన 'ప్రొమీథియస్' అనే పర్యవేక్షక సాఫ్ట్‌వేరులో ప్రతి యంత్రానికి 'అప్' అనే అంకె ఉంటుంది. పలికితే 1, పలకకపోతే 0. అంకె 0 అయినప్పుడు గంట మోగేటట్లు అమర్చుకొంటారు. యంత్రం పేరే పట్టీనుంచి జారిపోయినప్పుడు 1గాని 0గాని ఉండదు, ఖాళీ గడి ఉంటుంది, గంట మోగదు. ఖాళీని ప్రత్యేకంగా పట్టుకొనే నియమం వేరుగా రాసుకోవాలి. కాబట్టి ఏయే యంత్రాలు పలకవలసి ఉన్నదో చెప్పే పట్టీని ఎప్పటికప్పుడు సరిచూడక తప్పదు. ఈ పని ఎవరికీ ఇష్టముండదు. కొత్త యంత్రాన్ని కొన్నవాడు పేరు చేర్చడం మరచిపోతాడు, పాతదాన్ని పారవేసినవాడు పేరు కొట్టివేయడం మరచిపోతాడు. కొంతకాలానికి పట్టీ చనిపోయినవారి పేర్లున్న ఓటర్ల జాబితాలా తయారవుతుంది.

ఎంతసేపు మౌనంగా ఉంటే గంట మోగించాలన్నది తేలని ప్రశ్న. రద్దీగా ఉండే యంత్రం 5 నిమిషాలు పలకకపోతే అనుమానించవలసిందే. ఏ అర్ధరాత్రో ఒక్కసారి పని చేసే యంత్రానికి అదే నియమం పెడితే గంట రోజంతా మోగుతుంది. 'నాన్నా, పులి!' కథ అందరికీ తెలిసినదే. పదిసార్లు ఊరకే మోగిన గంటను పదకొండవసారి ఎవరూ వినరు.

పర్యవేక్షకుడే పడిపోతే ఎవరు చెప్పాలి? దీనికి నిపుణులు కనిపెట్టిన విరుగుడు కొంత విచిత్రమైనది. ఎప్పుడూ ఆగకుండా మోగుతూ ఉండే ఒక గంటను కావాలనే అమర్చి, ఆ మోతను బయటి వేరొక కేంద్రానికి వినిపిస్తారు. మోత ఆగిందంటే గంట కట్టినవాడే కూలిపోయాడని ఆ కేంద్రం గ్రహిస్తుంది. ఆ బయటి కేంద్రాన్ని ఎవరు చూస్తారని అడుగుతూ పోతే ఈ ప్రశ్నకు అంతుండదు. ఏదో ఒక మెట్టు మీద ఒక మనిషి నిలబడి ఉండాలి.

మౌనం అన్ని వేళలా ప్రమాదవశాత్తు కలిగేది కాదన్నది విస్మరించరాదు. ఇల్లు దోచదలచినవాడు ముందు కుక్క నోరు కట్టేస్తాడు. యంత్రంలోకి చొరబడినవాడు ముందు వార్తాహరుని ఆపుతాడు. వార్తలు ఆగిన క్షణమే మొదటి వార్త. తాడిపత్రి పరిసరాలలోని సున్నపురాతి నేలల్లో సిమెంటు కర్మాగారాలున్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో సిమెంటుతోసహా 17 రకాల పరిశ్రమలను తమ పొగగొట్టాల వద్ద నిరంతర కొలమానాలను అమర్చి, ఆ అంకెలను నేరుగా మండళ్ల సర్వర్లకు పంపవలసిందిగా ఆదేశించింది. దేశంలో ఎక్కడైనా సరే, పొగగొట్టపు అంకెలు ఒక రాత్రి ఆగిపోతే ఆ రాత్రి గాలిలో ధూళి ఎంత ఉన్నదో తరువాత చెప్పగలవారు లేరు. అది కేబులు తెగడంవల్ల కావచ్చు, మరొక కారణంవల్ల కావచ్చు. ఆ తేడా తెలియాలంటే ఆగిన నిమిషంలోనే ఎవరో ఒకరు అడగాలి. పక్షం తరువాత అడిగితే అందరి సమాధానమూ కేబులు తెగిందనే ఉంటుంది.

అనంతపురం సీమలో ఏడాదిలో అధిక భాగం రోజులు వాన లేనివే. పెన్న ఇసుక మేట వేసి ఉంటుంది, ఆకాశంలో మబ్బు తునక ఉండదు. అటువంటి ఉదయాన కూడా 8:30 గంటలకు ఒక ఉద్యోగి వర్షమాపకం దగ్గరికి నడుస్తాడు, మూత తీస్తాడు, పొడిగా ఉన్న పాత్రను వంచి చూస్తాడు, గరాటులో ఆకేదైనా ఉంటే తీసి పారవేస్తాడు. తరువాత పుస్తకం తెరచి ఆ నాటి గడిలో 0.0 అని రాసి సంతకం చేస్తాడు.